ఎవరూ ఊపిరి తీసుకోని గది

గాలి బాగుందని కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టించి ఇవ్వడం ఒకప్పుడు నా ఉద్యోగం. చెబితే ఇప్పటికీ నవ్వుతారు, గాలికి కూడా పాసూ ఫెయిలూ ఉంటాయా అని. ఉంటాయి. కాకపోతే ఫెయిలైన గాలిని నేను చాలా తక్కువగా చూశాను. నా అనుమానాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

ఇలాంటివి రిటైరైనవాళ్ళు రాయాలి. నాకింకా ఆ వయసు రాలేదు. కానీ ఆ పని వదిలేసి, ఐటీ కంపెనీలున్న ఇదే దారిలో ఒక గాజు భవనంలో కుర్చీ పనికి మారాను కాబట్టి, ఆ పని వరకు రిటైరైనట్టే. మా కాలేజీ నుంచి కొత్తగా ఈ పనిలోకి వస్తున్న అమ్మాయిలు "అక్కా, ఫీల్డులో ముందు ఏం నేర్చుకోవాలి?" అని అడుగుతుంటారు. ఎదురుగా కూర్చోబెడితే నాకు మాట రాదు. నలుగురున్న చోట నా గొంతు నాకే వినపడదు. రాయమంటే మాత్రం రాస్తాను. రోజూ పడుకునేముందు డైరీ రాసుకునే అలవాటు నాది. ఇది ఆ డైరీ చూసుకుంటూ రాస్తున్నదే.

మా ల్యాబు కొండాపూర్‌లో, ఒక మందుల దుకాణం పైన. నేను లింగంపల్లి నుంచి వచ్చేదాన్ని. నాతోపాటు ఫీల్డుకు వచ్చే సీనియర్ బోరబండ నుంచి బండి మీద వచ్చేవాడు. నేను ఆయన్ని అన్నా అనేదాన్ని, ఆయన నన్ను చెల్లె అనేవాడు. స్టాండు మీద యంత్రం పెట్టి, అది గాలిని పీల్చి లెక్క కట్టేంతసేపు పక్కన కూర్చోవాలి. ఆయన ఫోన్లో క్రికెట్ చూసేవాడు. నేను సంచిలోంచి నవల తీసేదాన్ని. తల వంచుకుని చదువుకునే అమ్మాయి ముందు జనం ఏదైనా మాట్లాడేస్తారు. ఈ పనిలో నేను నేర్చుకున్న మొదటి సంగతి అదే.

అన్న మాటల్లో ఒకటి నాకెప్పుడూ అర్థం కాలేదు. "చెల్లె, గాలికి నోరు లేదు. మనం ఏం రాస్తె గదే దాని మాట" అనేవాడు. జాగ్రత్తగా రాయమనా, ఎలా రాసినా నడుస్తుందనా? అడిగే ధైర్యం లేక, ఆ మాటను డైరీలో రాసుకుని పక్కన ప్రశ్న గుర్తు పెట్టుకున్నాను.

ఇక ఆ బడి సంగతి.

గచ్చిబౌలిలో ఆఫీసు టవర్ల వెనక సందులో ఉంటుంది. సాఫ్ట్‌వేర్ వాళ్ళ పిల్లలు ఎక్కువ. లోపలికి అడుగు పెట్టగానే గోడ మీద ఒక తెర, దాని మీద 'నేటి మా గాలి' అని రాసి పక్కన ఆకుపచ్చ ఆకు బొమ్మ. ఎండలో చూసినా, వానలో చూసినా ఆ ఆకు పచ్చగానే ఉంటుంది. బయట రోడ్డు తవ్వి దుమ్ము లేస్తున్న రోజున కూడా పచ్చగానే ఉంది.

తరగతి గది లోపలి గాలి గురించి మన దగ్గర గట్టిగా అడిగేవాళ్ళు తక్కువ. ఈ బడి భవనానికి మాత్రం 'హరిత భవనం' అనే గుర్తింపు ఉంది. అది నిలవాలంటే గదుల్లోకి బయటి గాలి తెచ్చే ఫ్యాన్లు నడవాలి, అప్పుడప్పుడూ బయటివాళ్ళతో పరీక్ష చేయించాలి. అందుకని మమ్మల్ని పిలిచారని ముందు అనుకున్నాను. కారణం వేరే ఉంది.

కింది అంతస్తులో అయిదో తరగతి గది. బస్సులు ఆగే చోటు పక్కనే కాబట్టి కిటికీలు తెరుచుకోకుండా బిగించేశారు. మధ్యాహ్నం తిన్నాక పిల్లలకు తలనొప్పి వస్తోందని, బల్లల మీద వాలిపోతున్నారని ఆ తరగతి టీచరు తల్లిదండ్రుల గ్రూపులో రాసింది. పెద్ద గొడవైంది. యాజమాన్యం ఆమెను సెలవు మీద పంపి, పరీక్ష పెట్టించింది. గాలి బాగుందని తేలితే బడి పేరు చెడగొట్టినందుకు ఆమె ఉద్యోగం పోతుంది. ఆమె కూతురు అదే బడిలో, ఆ ఉద్యోగం వల్లే ఫీజు లేకుండా చదువుతోంది. ఇదంతా నాకు ఎవరూ చెప్పలేదు. రిసెప్షన్‌లో తల వంచుకుని నవల చదువుతుంటే వినపడింది.

యంత్రం పెట్టడానికి వెళ్ళిన ఉదయం బస్సుల చోట ఒక్క బస్సూ లేదు. నేలంతా నీళ్ళు చల్లి తడిపి ఉంది, ఇంటికి పెళ్ళివారు వస్తున్నట్టు. భవనం బాగోగులు చూసే మేనేజరు ఎదురొచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, నలగని నవ్వు.

"రండి మేడమ్, రండి సార్. కాఫీ తాగుతారాండి, టీ చెప్పమంటారాండి?"

"బస్సులు లేవేంటండీ?" అని అడిగాను. గొంతు నాకే సరిగా వినపడలేదు.

"సర్వీసింగుకు వెళ్ళాయండి."

అన్నీ ఒకే రోజా అని అడగాలనుకున్నాను. అడగలేదు. అన్న యంత్రాన్ని స్టాండుకు బిగించి, ప్రతిచోటా చెప్పే మాటే అక్కడా చెప్పాడు. "మిషిన్ జర భద్రం సార్. మస్తు రేటు. పిల్లలు ముట్టకుండ చూస్కోండ్రి." వారం రోజులు అలా ఉంచి తీసుకెళతామన్నాం.

వెళ్ళబోతుంటే గేటు దగ్గర ఒకామె ఆపింది. కూతురిని దింపడానికి వచ్చిన ఆ టీచరే. నన్ను కాదు, నా భుజానికున్న సంచిని చూస్తూ మాట్లాడింది.

"పరీక్ష గదికా మేడం, నాకా?"

నేను నవ్వబోయి ఆగిపోయాను.

"నేను అబద్ధం చెప్తలేను. తిన్నంక రండి ఒక్కసారి. పిల్లల మొఖాలు చూస్తే మీకు మిషన్ కూడా అక్కర్లేదు."

"యంత్రం చూస్తుందండి" అన్నాను. అంతకంటే మంచి మాట నాకు దొరకలేదు.

వారం తర్వాత అన్న వెళ్ళి యంత్రం తెచ్చాడు. అందులోని లెక్కల్ని కంప్యూటర్లోకి దించి గీతలుగా చూడడం నా పని. కార్బన్ డయాక్సైడ్ గీత మొదట చూశాను. అది మనం వదిలే ఊపిరి. గదిలో మనుషులుంటే పెరుగుతుంది, లేకపోతే తగ్గుతుంది. ఏ తరగతి గదిలోనైనా ఆ గీత ఉదయం ఎక్కి, ఇంటర్వెల్లో దిగి, మళ్ళీ ఎక్కుతుంది. ఈ గీత మాత్రం నేల మీద గీసిన ముగ్గు గీతలా చదునుగా ఉంది. వారమంతా ఆ గదిలో ఎవరూ ఊపిరి తీసుకోలేదు!

"అన్నా, ఇదేంది గిట్లుంది?"

అన్న వంగి చూశాడు. "ఫ్రెష్ ఎయిర్ ఫ్యాన్ మంచిగ నడుస్తున్నట్టుంది. వదిలింది వదిలినట్టే గుంజుకపోతుంది. మంచిదే గద?"

రెండో గీత దుమ్ముది, పొగది. అదీ చదునే, ఒక్క శుక్రవారం తప్ప. ఆ రోజు ఉదయం ఉన్నట్టుండి నిలువునా కొండలా లేచింది. గదిలో ఎవరో ఏదో కాల్చినట్టే ఉంది.

"గా కొండ తీసెయ్ చెల్లె. గట్లాంటివి తీసేసుడే. మిగిలింది మంచిగుంది, రిపోర్టు కొట్టు."

నేను తీసేయలేదు. మరునాడు మేనేజరు ఫోను చేశాడు. రిపోర్టు ఎప్పుడిస్తారని అడిగాడు. శుక్రవారం ఉదయం గదిలో ఏమైనా జరిగిందా అని నేను అడిగాను. ఆయన గొంతు తగ్గించాడు.

"శుక్రవారమాండి? ఆ రోజు టీచర్ గారు వచ్చారండి, బీరువాలో పుస్తకాలేవో తీసుకోవాలని. నేనేమీ అనట్లేదండి. మీరు అడిగారు కాబట్టి చెప్పానంతే."

నేనేమీ అనట్లేదని మొదలుపెట్టేవాళ్ళు ఎంత అంటారో నవలలు చదివేవాళ్ళకు తెలుసు. తెలిసినా ఆ మాట నాలో పని చేసింది. ఆ రాత్రి డైరీలో అనుమానించాల్సిన వాళ్ళందరినీ రాసుకున్నాను. నీళ్ళు చల్లించిన మేనేజరు. కొండను తీసెయ్యమన్న అన్న. గేటు దగ్గర నా కళ్ళలోకి చూడకుండా సంచిని చూసిన టీచరు. ఉద్యోగం పోయే మనిషి గదిలో ఒక కాగితం కాల్చదని ఎలా చెప్పగలను?

చిక్కు ఏమిటంటే, ఎటు రాసినా ఆమెకే దెబ్బ. ఆ కొండను తీసేసి రాస్తే గాలి శుభ్రం, కాబట్టి ఆమె అబద్ధాలకోరు. ఉంచి రాస్తే ఆమే పొగ పెట్టిందంటారు. అది ఇంకా పెద్ద నేరం. కూతురిని దింపడానికి కూడా మళ్ళీ ఆ గేటు దగ్గరికి రానివ్వరు.

ఆ ఆదివారం మొత్తం ఆ గీతల ముందే కూర్చున్నాను. పొగ కొండ ఎక్కిన వైపు చూస్తూ ఉన్నాను ఇన్నాళ్ళూ. దిగిన వైపు చూడలేదు. దిగడం చాలా నెమ్మదిగా ఉంది. పొద్దున లేచిన పొగ బడి వదిలే వేళకు కూడా పూర్తిగా పోలేదు. అప్పుడు తట్టింది. పిల్లల ఊపిరిని వదిలింది వదిలినట్టే లాగేసే ఫ్యాన్, కాస్త పొగను సాయంత్రం దాకా ఎందుకు లాగలేకపోయింది? అది మంచి ఫ్యానైతే పొగ వెంటనే పోవాలి. చెడ్డ ఫ్యానైతే పిల్లల ఊపిరి పేరుకోవాలి. రెండు గీతలూ ఒకే గదివి కావడానికి వీల్లేదు. కానీ అవి ఒకే గదివే.

సోమవారం అన్నకు చెప్పకుండా వెళ్ళాను. అన్నను కూడా అనుమానించాను కాబట్టి చెప్పలేదు. స్టాండుకు బిగించే మర ఒకటి గదిలో పడిపోయిందని వాచ్‌మన్‌కు అబద్ధం చెప్పాను. నా ఉద్యోగంలో ధైర్యంగా చెప్పిన మొదటి మాట అబద్ధమే.

అయిదో తరగతి గదిలో ఎవరూ లేరు. ఊడ్చే ఆయమ్మ తలుపు తీసి, చీపురు గోడకు ఆనించి, నాతోపాటు నేల మీద వెతకడం మొదలుపెట్టింది. లేని మర కోసం పెద్దావిడ వంగి వెతుకుతుంటే నాకు సిగ్గేసింది.

"పిల్లలేరి ఆయమ్మా?"

"లైబ్రరీల కూసోబెట్టిన్రు. మిషిన్ వచ్చిన కాడికెళ్ళి ఆడనే. ముట్టుకుంటరని. రేపటి సంది మళ్ళ ఈడికే వస్తరు." లేచి నడుం పట్టుకుంది. "మంచి మిషిన్ బిడ్డా. పచ్చ లైటు ఎంత మంచిగ వెలుగుతుండె."

"గది తాళమేసి ఉందా మరి?"

"తాళమే. తాళంచెవి నా కాడనే. శుక్కురారం ఒక్కనాడు తీసిన. టీచరమ్మ పుస్తకాలు తీస్కపోయినంక పూజ చేసిన."

"ఏం పూజ?"

నన్ను వింతగా చూసింది. "మిషిన్‌కు! కొత్త మిషిన్ ఇంట్లకొస్తె బొట్టు పెట్టరా మీరు? ఈడ లిఫ్టుకు, జనరేటర్‌కు, బస్సులకు అన్నిటికి నేనే పెడత. అరటిపండుకు అగరొత్తులు గుచ్చి దాని ముంగట పెట్టిన. మీదంత ఖరీదైన మిషినాయె, ఒక్కటి పెడితె ఏం బాగుంటది? కట్ట మొత్తం ముట్టిచ్చిన."

నేను అక్కడే పిల్లల బెంచీ మీద కూర్చుండిపోయాను. గాలిని వాసన చూడ్డానికి పెట్టిన యంత్రం ముక్కు కింద కట్టెడు అగరొత్తులు!

"తప్పైందా బిడ్డా? పండు మళ్ళ తీసేసిన. చీమలు పడ్తయని."

"మంచి పని చేసినవ్ ఆయమ్మా" అన్నాను. ఆమె నమ్మలేదు. ఆ రోజు ఎవరి మాటా ఎవరూ నమ్మేలా లేరు.

పైకప్పుకు కాస్త కింద గాలి వచ్చే జాలీ ఉంది. ఫ్యాన్ నడుస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. బెంచీ ఎక్కి, సంచిలోంచి టిష్యూ కాగితం తీసి, ఒక పొర చీల్చి జాలీ ముందు పట్టుకున్నాను. ఇది మాకు ఎవరూ నేర్పరు. పుస్తకంలోనూ లేదు. గాలి వస్తుంటే కాగితం ఎగరాలి. అది కదల్లేదు. చేయి జాలీకి ఇంకా దగ్గరగా జరిపినా అది మాత్రం వేలాడుతూనే ఉంది.

బయటికి వెళ్ళి గోడ వెంట నడిచాను. ఆ జాలీకి బయటి గాలి తెచ్చే ఫ్యాన్ డబ్బా నోరు బస్సుల చోటులోకే తెరుచుకుంటుంది. దానికి అడ్డంగా పాత ఫ్లెక్సీ ఒకటి మడిచి ఇనుప తీగతో కట్టేశారు. అడ్మిషన్లు జరుగుతున్నాయని చెప్పే ఫ్లెక్సీ. నవ్వుతున్న పాప బొమ్మ సగం లోపలికి మడతపడి ఉంది. బస్సులన్నీ తిరిగొచ్చి, ఏసీల కోసం ఇంజన్లు ఆపకుండా అక్కడే నిలబడి ఉన్నాయి.

"మర దొరికిందాండి?"

మేనేజరు నా వెనకే ఉన్నాడు. నేను ఫ్లెక్సీ వైపు చూపించాను. ఆయన నవ్వు మొదటిసారి నలిగింది.

"నేనే కట్టించానండి" అన్నాడు. "తీసి ఉంచితే డీజిలు పొగంతా నేరుగా క్లాసులోకి పోతోందండి. పిల్లలు వాంతులు చేసుకున్నారు. బస్సులు వేరేచోట పెట్టించండని ఎన్నిసార్లు అడిగానో పైవాళ్ళను. స్థలం లేదన్నారు. ఇంకేం చేయమంటారు మీరే చెప్పండి."

"ఈ సంగతి టీచర్ గారికి చెప్పారా?"

"ఆవిడ గ్రూపులో పెట్టేశారు కదండీ. చెప్పే వేళేదీ?"

"పిల్లల్ని గదిలోంచి ఎందుకు మార్చారు?"

"మీవాళ్ళే చెప్పారు కదండీ, పిల్లలు ముట్టకుండా చూసుకోమని. నేను ప్రిన్సిపాల్ గారికి చెప్పాను, వారు మార్పించేశారు. అంతేనండి."

అంతేనా? ఆ ప్రశ్నకు నాకు ఇప్పటికీ జవాబు తెలియదు. మా అన్న ప్రతిచోటా చెప్పే ఆ ఒక్క మాటను వాళ్ళు నిజంగానే అమాయకంగా పాటించారా, దొరికింది సాకు అని వాడుకున్నారా? నేల తడిపినవాళ్ళు, బస్సుల్ని దాచినవాళ్ళు యంత్రం మీద గౌరవంతోనే పిల్లల్ని తీశారంటే నమ్మడం కష్టం. ఎదురుగా నిలబడి, తన కింద పనిచేసేవాళ్ళు కట్టిన తీగను చూస్తున్న ఆ మనిషి కళ్ళలో మాత్రం దొంగతనం కనిపించలేదు. అలసట కనిపించింది. నేను రెండూ డైరీలో రాసుకున్నాను.

ల్యాబుకు వచ్చి అన్నకు అంతా చెప్పాను. తిడతాడనుకున్నాను.

"నువ్వు యంత్రం తెచ్చినప్పుడు దానికి బొట్టు లేదా అన్నా?"

"ఉండె. తుడిచిన. మాదాపూర్ల సగం కంపెనీలల్ల కంప్యూటర్లకు బొట్లుంటయి. అదేమన్న ముచ్చటనా?" అని కంప్యూటర్ వైపు తిరిగాడు. "అయితే రిపోర్టుల ఏమని రాస్తవ్ ఇగ? అగరొత్తుల పొగ అని రాస్తవా?"

"రాస్తనన్నా."

"ల్యాబు పరువు పోతది గద చెల్లె."

"ఆ పొగ లేకపోతే ఆ ఫ్యాన్ ఉత్తదని మనకు తెలిసేదే కాదు. గాలికి నోరు లేదంటవ్ గద. ఒక్కసారి మాట్లాడింది. అది కొట్టేయమంటవా?"

అన్ని మాటలు ఒకేసారి నేను అంతకుముందు ఎప్పుడూ అనలేదు. అన్న నా వైపు కొత్తగా చూశాడు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"మొత్తం పెట్టు. కొండ గూడ పెట్టు. కింద రాయి, గది ఖాళీగ ఉండె, ఈ పరీక్ష చెల్లదు, పిల్లల్ని కూసోబెట్టి మళ్ళ చేయాలె అని. సంతకం నేను చేస్త. తిట్లు గూడ నేనే తింట."

మా ల్యాబు యజమాని దగ్గర తిట్లు తిన్నాడు కూడా. గాజు తలుపు అవతలి నుంచి నాకు వినిపించాయి. ఆ సాయంత్రం బండి తాళం వేలికి తిప్పుకుంటూ మామూలుగానే ఇంటికి వెళ్ళాడు. నా డైరీలో ఆయన మాట పక్కనున్న ప్రశ్న గుర్తును నేను కొట్టేయలేదు. ఆయన అప్పటికప్పుడు మారాడా, మొదటినుంచీ అలాంటివాడేనా అన్నది తేలలేదు కాబట్టి.

రెండోసారి పిల్లలున్న గదిలోనే యంత్రం పెట్టాం. ఈసారి ఆయన పిల్లలు ముట్టొద్దని చెప్పలేదు. ముట్టుకున్నారు. ఒకడు దానికి హలో కూడా చెప్పాడు. నేను వెనక బెంచీలో నవల తెరిచి కూర్చున్నాను, చదవలేదు. తిన్నాక ఒక్కొక్క తలా బల్ల మీదికి వాలడం చూశాను. యంత్రంలో గీత పైకి, పైపైకి పోయింది. టీచరు చెప్పింది నిజం. ఆ మొఖాలు చూస్తే యంత్రం అక్కర్లేదు. కానీ మొఖాలను రిపోర్టుకు జత చేయడం కుదరదు.

ఆ రిపోర్టు వెళ్ళాక నాకు బడి నుంచి ఏ కబురూ లేదు. మా పని అంతే. కాగితం ఇచ్చాక ఆ గది మనది కాదు. బస్సులు మార్చారని ఒకరు, మార్చలేదని ఒకరు. టీచరును తిరిగి రమ్మన్నారని ఆయమ్మ అన్నకు చెప్పిందట. నేను నమ్మలేదు. 'రమ్మన్నారు' అనే మాటకు ఎన్ని అర్థాలుంటాయో ఈ ఊళ్ళో ఉద్యోగాలు చేసేవాళ్ళకు తెలుసు.

నేను ఆ ఉద్యోగం మానేసే ముందు ఒక రోజు ఫోనుకు వీడియో వచ్చింది. తెలియని నంబరు. తెరిస్తే తరగతి గది. ఒక పిల్ల బెంచీ ఎక్కి, జాలీ ముందు టిష్యూ పొర పట్టుకుంది. కాగితం జెండాలా రెపరెపలాడింది. "టీచర్, కదిలింది! టీచర్, ఈరోజు గూడ కదిలింది!" అని పిల్లలంతా అరిచారు. ఫోను పట్టుకున్నామె నవ్వుతూ, "దిగు బిడ్డా, పడ్తవ్" అంది. గేటు దగ్గర విన్న గొంతే. బెంచీ ఎక్కి నేనేం చేశానో ఆయమ్మ ఆమెకు చెప్పి ఉంటుంది, నా నంబరు అన్న ఇచ్చి ఉంటాడు.

సంతోషం వేయాలి. వేసేముందు వీడియో వెనక్కి తిప్పి, వేళ్ళతో పెద్దది చేసి, కాగితాన్ని కదిపింది వేరే గాలేమోనని పైకప్పు వైపు, కిటికీ వైపు చూశాను. కిటికీ అద్దం అవతల బస్సులు లేవు. సీలింగ్ ఫ్యాన్ రెక్కలు ఆగి ఉన్నాయి. ఏసీ లైటు ఆరి ఉంది. ఇంకోసారి చూశాను. ఆగే ఉన్నాయి.

అప్పుడు సంతోషం వేసింది.